ఒక కెట్టిమేళం, రెండు పెళ్ళిళ్ళు

తిరుత్తణి కొండ కింద, ఒకే కల్యాణమండపంలో నేను చేసిన ఘనకార్యం వింటే, మీరు మీ కంప్యూటర్‌ను గోనెసంచిలో కట్టి అటకెక్కిస్తారు. ముందే చెబుతున్నాను, ప్రాణనష్టం లేదు. తక్కిన నష్టాలన్నీ ఉన్నాయి.

తిరువళ్ళూరులో నాకు పెయింట్ల దుకాణం ఉంది. అక్కడి ముసలి ల్యాప్‌టాప్‌కు కొత్త విండోస్ పట్టదని తేలింది. "కొత్తది కొనండి" అంది నా భార్య. కొనడమా? నా తెలివి ఉండగా! ఒక ఆదివారం పూట కూర్చుని విండోస్‌ను సాగనంపి లినక్స్‌ను గృహప్రవేశం చేయించాను. మరునాడు మణవాళనగర్‌లో మా వీధిలో చంద్రుడి మీద దిగి వచ్చినవాడిలా నడిచాను. పాలు పోసేవాడికి కూడా లినక్స్ గొప్పతనం వివరించాను. అతను మర్నాటి నుంచి పాలు గేటుకు తగిలించి పారిపోయేవాడు.

విండోస్‌లో ఉన్న ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ లినక్స్‌లో ఒక మేనత్త కొడుకు ఉంటాడండీ. పోలిక అదే, బుద్ధి వేరు. బిల్లులు కొట్టేది ఇట్టే దొరికింది. పాటలు కత్తిరించేదాని కోసం మాత్రం పెళ్ళిసంబంధాలు వెతికినట్టు వెతికాను. ఒకదానికి రూపం ఉంది, గొంతు లేదు. ఇంకోదానికి గొంతు ఉంది, తెరిచిన వెంటనే మూర్ఛపోతుంది. చివరికి లక్షణమైనది కుదిరింది. అక్క కూతురు శైలజ పెళ్ళి వీడియో కోసమని దాంట్లో ఒక కెట్టిమేళాన్ని అందంగా కత్తిరించి దాచాను.

కెట్టిమేళం అంటే తెలుసుగా? తాళి కట్టే క్షణాన నాదస్వరం, డోళ్ళు కలిసి హోరెత్తడం. మా అరవదేశపు తెలుగువాళ్ళలో అది మోగందే ఏ పెళ్ళికొడుకూ ముడి వెయ్యడు. మోగిందంటే ఏ పెళ్ళికొడుకూ ఆగడు.

పెళ్ళినాడు ముహూర్తం దగ్గర పడింది, మేళగాళ్ళు రాలేదు. ఇంకో పెళ్ళి ముగించుకుని వస్తూ దారిలో ఎక్కడో ఇరుక్కున్నారు. పెళ్ళికూతురి తండ్రి మునిరత్నం బావ ముఖం వడలిన తమలపాకులా ఉంది.

"ఏమిరా గోపాలా, మేళం లేకుండా తాళి కడితే వియ్యపోళ్ళు ఏమనుకుంటారు? నా పరువు ఏం గావాల?"

"దిగులెందుకు బావా, లినక్స్ ఉండాది గదా!"

"ఆయప్ప యాడుండాడు? టయానికి వస్తాడా?"

"మనిషి కాదు బావా, నా కంప్యూటరు! కెట్టిమేళం దాంట్లో తయారుగా ఉండాది."

పీటల మీది నుంచి శైలజ దీనంగా చూసింది. "మామా, నిజంగా మోగతాదా?"

"మోగతాదా ఏందమ్మా! కొండమీద సామికి కూడా వినపడతాది."

సౌండ్ సర్వీసువాళ్ళు పెట్టిపోయిన బ్లూటూత్ స్పీకర్ మూలన ఉంది. వెంట తెచ్చిన ల్యాప్‌టాప్ తెరిస్తే ఒకే పేరుతో రెండు స్పీకర్లు కనిపించాయి. 'అడిగింది ఒకటైతే రెండు ఇస్తుంది, ఎంత ఉదారం లినక్స్‌ది!' అని మురిసిపోయి మొదటిదాన్ని తగిలించాను. అయ్యవారు చెయ్యెత్తి "కెట్టిమేళం! కెట్టిమేళం!" అన్నారు. నొక్కాను.

మా హాల్లో చీమ చిటుక్కుమనలేదు. ఇంకో పెళ్ళి జరుగుతున్న మేడ మీది హాలు మాత్రం దద్దరిల్లింది. మా ఫ్యాన్లు ఊగాయి. అయ్యవారు పైకి చూసి దండం పెట్టారు.

"ఏమప్పా ఇది, దేవతలు వాయిస్తాండారా?"

"నేనే వాయిస్తాండా సామీ, కట్టమనండి!"

అల్లుడు కట్టేశాడు. అక్షతలు కురిశాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను కింద నొక్కి మేడ మీద గెలిచాను.

ఆ గెలుపు మీద నేను మీసం దువ్వుకుంటుండగానే గంధం పూసిన కొత్త గుండు ఒకటి మెట్లు దిగి వచ్చింది. "యారుయ్యా అంద కెట్టిమేళం పోట్టదు?"

మేళం వేసిందెవడని అడుగుతున్న ఆ గుండు, మేడ మీది పెళ్ళికొడుకు మేనమామది. ఊరు శోళవరం. కొండ మీద తలనీలాలిచ్చి ఆయన దిగి వచ్చేలోపు, వాళ్ళ హాల్లో మూలనున్న స్పీకర్ గర్జించగానే మేనల్లుడు ఎవరినీ అడక్కుండా తాళి కట్టేశాడట. వాళ్ళ అసలు మేళగాళ్ళేమో అప్పుడు కాఫీ తాగుతున్నారట.

నాకు కంప్యూటర్ అంటేనే భయమని చెప్పబోయాను. ఈలోగా బావ గర్వంగా నా భుజం చరిచాడు. "మా బామ్మర్దే! విండోస్ పీకి పారేసి లినక్స్ వేసినాడు!"

"ఓహో, మీరూ తెలుగోళ్ళేనా?" అన్నాడు గుండాయన. మెత్తబడ్డాడనుకున్నాను. తిట్లు మరింత స్పష్టంగా అర్థమయ్యాయి, అంతే. చివర్లో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎత్తుకొని పెంచిన పిల్లోడయ్యా! వాడు తాళి కట్టేది నేను చూడొద్దా? పైకి రా. వాడు ముడి మీద చెయ్యి పెడతాడు, నువ్వు మళ్ళా వాయించు. కండ్లారా చూసుకుంటా."

"మీ మేళగాళ్ళు ఉండారు గదన్నా?"

"నీ దెబ్బకు అలిగి పోయినారు!"

సరే, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మేడెక్కాను. ఈసారి బుర్ర పెట్టాను. ఇందాక మొదటి స్పీకర్ తగిలిస్తే తప్పయింది. కాబట్టి ఇప్పుడు రెండోదే ఒప్పు! నేనే హాలు మారానన్న సంగతి నా మహామేధస్సుకు తట్టలేదు. పెళ్ళికొడుకు ముడి పట్టుకున్నాడు. గుండాయన కళ్ళు తుడుచుకుని సిద్ధమయ్యాడు. నొక్కాను.

మేడ మీద నిశ్శబ్దం. కింద హోరు. ఆ వెంటనే కేకలు.

కింద అప్పుడు భోజనాలు నడుస్తున్నాయి. కెట్టిమేళం వినబడితే అక్షతలు వెయ్యడం మన రక్తంలో ఉంది కదండీ! చేతుల్లో అక్షతలు లేవు. ఆకుల్లో బూందీ ఉంది. బంతికి బంతి లేచి వధూవరుల మీద బూందీ చల్లేసింది. సాంబారన్నం కలుపుతున్న అల్లుడు ఆ చేత్తోనే శైలజ మెడ వెతికాడు. జుట్టు నిండా బూందీతో అక్క మెట్లెక్కి వచ్చింది.

"ఒరే గోపాలా, ఎన్నిసార్లు చేస్తావురా దాని పెండ్లి!"

గుండాయన నన్ను చూశాడు, అక్కను చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు. చివరికి ఆడవాళ్ళు పళ్ళేలు, గరిటెలు తెచ్చి వాయిస్తే ఆయన ముచ్చట తీరింది.

కాబట్టి సకల జనుల ఎదుట ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై రెండు హాళ్ళున్న మండపంలో స్పీకర్ తగిలించను. లినక్స్‌ను వదలమని మాత్రం ఎవరూ అడగొద్దు. ఇన్నేళ్ళు వాడాను కదా విండోస్, నా చేత ఒక్క పెళ్ళయినా చేయించిందా?