మామయ్య మొదటిసారి అడిగిన రోజు

మా మేనమామ కాటాలు బాగుచేసేవాడు. బజారు మలుపులో, మెట్ల కింద ఇరుకు కొట్టు ఆయనది. మొదట్లో తక్కెడలు, తరవాత కరెంటు కాటాలు. తక్కెడ వస్తే ముందు ఖాళీ పళ్లేలతో ముల్లు మధ్యలో నిలబడుతోందో లేదో చూసేవాడు. అది తేలేదాకా గింజ కూడా తూచనిచ్చేవాడు కాదు. వీధిలో అందరూ ఆయన్ని తూకం మామ అనేవారు.

అలాంటి మనిషి దృష్టి దేవుడి మీద పడింది. ఇరవయ్యో ఏట మొదలైన వెతుకులాట అరవై దాటినా ఆగలేదు. ఆయన దేవుణ్ణి నమ్మడని అందరూ అనుకునేవారు గానీ, అది నిజం కాదు. ఉన్నాడో లేడో తన బుర్రతోనే తేల్చుకోవాలని ఆయన పంతం. సెలవురోజున అన్ని మతాల పుస్తకాలూ ముందేసుకుని పెన్సిలుతో గీతలు గీసేవాడు. ఫలానా చోట మహిమ జరిగిందంటే బస్సెక్కి వెళ్లి చూసొచ్చేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం కాదు. కుందేలుని తిరగేసి లెక్కపెట్టి, నాలుగుంటే నాలుగని ఒప్పుకునే రకం. పాపం, కుందేలే దొరకలేదు.

అత్తయ్యది వేరే దారి. మనం వెతికితే దొరికేవాడు కాదు, ఆయనంతట ఆయనే రావాలి అనేది. వస్తే నన్ను లేపు అని మామయ్య పేపరు మొహం మీద కప్పుకునేవాడు. నలభై ఏళ్ల కాపురంలో వాళ్లకున్న పెద్ద గొడవ ఇదొక్కటే. ఇది కూడా లేకపోతే ఇద్దరికీ పొద్దుపోయేది కాదు.

అత్తయ్యకి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆసుపత్రిలో చేరిన సాయంత్రం ఆమె ఒక్కటే కోరింది: తనని లోపలికి తీసుకెళ్లాక మామయ్య ప్రార్థన చెయ్యాలి. ఆయన తన వల్ల కాదన్నాడు. అవసరంలో దొరికే దేవుడు, పళ్లెం మీద బొటనవేలు నొక్కి తూచిన తూకం లాంటివాడన్నాడు. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు ఒళ్లు మండింది. మామయ్యని బయటికి లాక్కెళ్లి, ఆమె తృప్తి కోసం ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయిందని నిలదీశాను.

"పెళ్లయ్యాక మీ అత్తయ్యకి ఒక్క అబద్ధం చెప్పలేదురా. ఇవాళ మొదలెట్టమంటావా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఆమెని లోపలికి తోసుకెళ్లారు. చెయ్యి వదిలేముందు ఆమె మామయ్యని ఒక్కసారి చూసింది. తలుపు మూసుకుంది. ఆయన వరండాలో ఇనప కుర్చీ మీద కూర్చుని, వేళ్లు మడుస్తూ ఏదో గొణుక్కున్నాడు. గంట తరవాత నావైపు తిరిగాడు.

"వినేవాడు లేకపోతే నేను ఎవరికి అబద్ధం చెప్పినట్టు?"

"ఎవరికీ కాదు."

"ఉంటే?"

"అప్పుడది అబద్ధమే కాదు కదా."

ఇంత చిన్న సంగతి తనకి నలభై ఏళ్లుగా ఎందుకు తట్టలేదని నా మీదే కోప్పడ్డాడు, నేనేదో దాచిపెట్టినట్టు. లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. పాఠం అప్పజెప్పినట్టు పైకే చెప్పాడు.

"నువ్వున్నావో లేవో నాకు తెలీదు. నాకు కనబడమని ఇన్నేళ్లూ సతాయించాను. ఈపూటకి నా సంగతి వదిలెయ్. లోపల మా ఆవిడ ఒక్కతే ఉంది. ఆమె దగ్గర ఉండు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

జవాబేమీ రాలేదు. పక్క కుర్చీలో ఒకావిడ సంచిలో మందుల చీటీ వెతుక్కుంటోంది. మధ్యాహ్నం డాక్టరు వచ్చి గండం గడిచిందన్నాడు. మామయ్య ఆయన చేతులు రెండూ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లకద్దుకున్నాడు.

మూడోరోజుకి అత్తయ్యకి మాట్లాడే ఓపికొచ్చింది.

"అడిగారా?"

"అడిగాను."

"నమ్మకం కుదిరిందా?"

మామయ్య కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు. కనీసం ఆమె కోసమైనా అవునంటాడేమోనని నేను చూస్తున్నాను.

"లేదు," అన్నాడు. "రేపు మళ్లీ అడుగుతాను."