లోపల రాయని కార్డులు

తెనాలిలో మా పక్కింటి పిన్నిగారు చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసేవారు. అచ్చు మీద అట్ట పెట్టి చిన్న మిషను పిడి తిప్పితే పువ్వులు తెగి వచ్చేవి. ఆకుల ఈనెలు వేలికి తగిలేంతగా ఉబ్బి ఉండేవి. లోపల మాత్రం ఆవిడ ఒక్క అక్షరం రాసేవారు కాదు.

రేపల్లెలో ఉన్న మా అక్కతో నాకు రెండేళ్లుగా మాటల్లేవు. ఒక కార్డు తీసుకుని, "మీరే ఏదన్నా రాసివ్వండి పిన్నిగారూ" అన్నాను.

"పువ్వులైతే నేను కత్తిరిస్తానమ్మా. మాట మాత్రం నీదే అయ్యుండాలి," అన్నారు.

ఆవిడ బల్ల దగ్గరే గంటసేపు కూర్చుని, "తప్పు నాదే అక్కా" అని రాశాను. ఆవిడ చదవకుండానే కవర్లో పెట్టి ఇచ్చారు.

కార్డు అందిన మర్నాడే అక్క రైలెక్కి వచ్చేసింది. ఇద్దరం కలిసి పిన్నిగారింటికి వెళ్లాం. ఆవిడ మమ్మల్నిద్దర్నీ చూసి, బీరువాలోంచి రంగు వెలిసిన కార్డొకటి తీశారు.

"ఇది బాపట్లలో ఉన్న మా తమ్ముడి కోసం చేశానమ్మా. ఏడేళ్లయింది. ఏం రాయాలో నాకే తోచలేదు."

అక్క ఆ కార్డు తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టింది. "ఖాళీగానే పట్టుకెళ్లండి పిన్నిగారూ. బాపట్ల ఎంతసేపండి," అంది.

మర్నాడు పొద్దున్నే చూస్తే పిన్నిగారింటికి తాళం వేసి ఉంది.