పిరానాల చుట్టం

లింబాయత్ మగ్గాల బస్తీలో సదానందానికి తెలియని విషయమంటూ లేదు. ఉంటే అది ఇంకా ఆయన ఫోన్లోకి రాలేదన్నమాట. ముప్ఫై ఏళ్లు మరమగ్గాల మోతలో బతికిన మనిషి కాబట్టి, ఇంట్లో ఉప్పు అడిగినా గల్లీ మొత్తానికి వినబడుతుంది. మృగశిర కార్తె నాడు చేప తింటే ఛాతీలో చేరిన నూలు దుమ్ము దిగిపోతుందని ఏడాదంతా దగ్గుతూ ఎదురుచూస్తాడు. ఈసారి భార్య ప్రమీల రూప్‌చంద్ చేప తెచ్చింది. దాని నోరు తెరిచి, అచ్చం మనిషి పళ్లలాంటి పళ్లు చూసి ఆయన అదిరిపడ్డాడు.

“ఏందే ఇది! పిరానాల చుట్టమే గిది. అమెజాన్ నదిల అవి గుంపుగ మీద వడితే ఆవు గూడ రెండు నిమిషాలల్ల బొక్కలే మిగుల్తయ్!”

పులుసు ఉడికినా, కంచాలు పెట్టినా ఉపన్యాసం ఆగలేదు. దవడల బలం ఎంతో చేతులతో చూపిస్తూనే ఉన్నాడు. ప్రమీల, ఇద్దరు కూతుళ్లు, ఆయన అత్తగారు తలలూపుతూ భక్తిగా విన్నారు. చివరికి దగ్గు తెర వచ్చి ఆగాల్సొచ్చింది. గిన్నె దగ్గరికి లాక్కుంటే అందులో తలకాయ ఒక్కటే ఉంది, ఆ పళ్లతో ఆయన వంకే ఇకిలిస్తూ.

“నువ్వు చెప్పింది నిజమేనయ్యా,” అంది ప్రమీల వేళ్లు నాక్కుంటూ. “రెండు నిమిషాలు గూడ పట్టలే.”