మావయ్యగారి ప్లాటులో దిగిన అంతరిక్ష నౌక

ఒకే ఒక్క అంతరిక్ష నౌకతో మా మావయ్యగారి సొంతింటి కలను నేలమట్టం చేసిన మొనగాణ్ణి నేను. ఏ గ్రహాంతరవాసీ అంత నష్టం చేసి ఉండడు. చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడకు వినబడేలా మాత్రం నవ్వకండి.

తొంభైల చివర, హైటెక్ సిటీలో అద్దాల మేడ లేచిన కొత్త. నేనొక వారపత్రికకు సైన్స్ ఫిక్షన్ సీరియల్ రాస్తున్నాను. ఆ ఊళ్లో అదెంత కష్టమో మీకేం తెలుసు! నేను ఊహించి రాసింది అచ్చయ్యేలోపు మాదాపూర్‌లో ఎవరో దానికి పునాది తవ్వేసేవారు. ఆ పోటీ తట్టుకోలేక అన్నం తింటున్నా కథే, తలంటుకుంటున్నా కథే.

కాకినాడలో రిటైరై, లింగంపల్లిలో మా పక్క వాటాలోనే అద్దెకుంటున్న మావయ్యగారు, నానక్‌రామ్‌గూడలో మల్లయ్య అనే రైతు దగ్గర ఇంటికని స్థలం బేరం చేశారు. మల్లయ్య సరేనన్నాడు. ఇక కొలిచి, మాట ఖాయం చేసుకోవడమే.

"అల్లుడుగారూ, మీరు పక్కన ఊరికే నిలబడండి, చాలు" అని నన్నూ తీసుకెళ్లారు.

ఊరికే నిలబడడం ఒక్కటే నాకు చేతకాదు. ఆ స్థలం వెనక ఏనుగుల మంద పడుకున్నట్టు రాతిగుట్టలు, ముందు పళ్లెంలాంటి మైదానం! వారాల తరబడి ఆకాశంలో తిప్పుతున్న నా నౌకకు దిగే చోటు దొరికింది! మావయ్యగారు టేపు లాక్కుంటూ అవతలి మూలకు వెళ్లగానే కేకేశాను.

"మల్లయ్యా! సరిగ్గా ఇక్కడే దిగుతుంది!"

"ఏంది సారూ దిగేది?"

"నౌక! ఆ గుట్టంత ఉంటుంది. దేశదేశాల శాస్త్రవేత్తలు వరస కడతారు. ఢిల్లీ నుంచి మంత్రులొస్తారు. ఈ బండ్లబాట పెద్ద రోడ్డయిపోతుంది!"

మల్లయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "నిజంగనా? నా జాగలనేనా?"

"నీ జాగాలోనే! వచ్చే వారం పత్రికలో అచ్చవుతుంది, చూసుకో!"

కథ అన్న ముక్క ఒక్కటే నా నోట రాలేదు. అంతలో మావయ్యగారు టేపు చుట్టుకుంటూ, పెళ్లికొడుకులా వెలిగిపోతూ వచ్చారు.

"అయితే మల్లయ్యా, ఖాయమేగా?"

"ఈ జాగ ఇగ అమ్మను సారూ. తప్పుగ అనుకోకుండ్రి."

"అదేమిటయ్యా, పొద్దున్నేగా ఒప్పుకున్నావు!"

"పొద్దుగాల నాకు ఎరుకలేదు. మీ అల్లుడే చెప్పిండు. గీడ పెద్దది దిగుతదట, మంత్రులొస్తరట."

మావయ్యగారు నావైపు, ఆవకాయ జాడీలో బల్లిని చూసినట్టు చూశారు.

"మల్లయ్యా, అది కథయ్యా!" మొత్తుకున్నాను. "నా బుర్రలో పుట్టిన పచ్చి అబద్ధం! ఏదీ దిగదు, ఎవరూ రారు!"

మల్లయ్య నవ్వాడు. "బనాయించకు సారూ. మాదాపూర్ రాళ్లల్ల అద్దాల మేడ లేస్తదంటే గూడ కథలన్నం. నమ్మక అమ్ముకున్నోడు మా బామ్మర్ది. ఇప్పుడు దాని ముంగటనే ఆటో నడుపుతుండు."

నన్ను సంపూర్ణంగా నమ్మిన తొలి పాఠకుడు అతనే. ఆ గర్వాన్ని మాత్రం మావయ్యగారితో పంచుకోలేకపోయాను. ఇల్లు చేరగానే ఆయన గుమ్మంలో మా ఆవిడతో అన్నారు: "పద్మా, మన ఇంటి మీద మీ ఆయన ఏదో దింపాడమ్మా."

కొన్నేళ్లకు అటు వెళ్తే, చుట్టూ ఆకాశాన్నంటే మేడల నడుమ మల్లయ్య ఎదురయ్యాడు.

"సారూ, రోడ్డొచ్చింది, మంత్రులొచ్చిండ్రు, దేశదేశాలోళ్లు వచ్చిండ్రు. నౌకనే రాలే! జర ఎప్పుడొస్తదో చెప్పు, మా తమ్ముణ్ణి గూడ అమ్మకుండ ఆపిన."

కనుక పాఠక మహాశయులారా, కలం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట నా నౌకలన్నీ అంగారకుడి మీదే దిగుతాయి. అదైనా, అక్కడ మావయ్యగారు స్థలమేదీ చూడలేదని రూఢి చేసుకున్నాకే!