పళ్ల మధ్య కట్టె

షోలాపూర్ భవాని పేట్‌లో ఆ పొద్దున మా పెరట్లో ఉన్నవి: మూడు రాళ్ల పొయ్యి, రాగి కాగులో ఎర్ర రంగు నీళ్లు, రంగులో ముంచాల్సిన ఆరు నూలు చిలపల చుట్టలు, కాలేజీలో అడిగి తెచ్చిన నా థర్మామీటరు, గడపలో నూలిచ్చే సావుకారు, ఆవిరిలో సగం కరిగినట్టున్న పెద్దమ్మ.

నురగ కింద బుడగలు కనపడవు. నీళ్లు మరిగాయని ఆమె చప్పుడును బట్టే తెలుసుకునేది. మరమగ్గాల మోతకు చెవులు పోయాక, కిందటిసారి తొందరపడి మరగకముందే ముంచింది. నూలంతా చారలు.

"మళ్ల చారలు పడితే నూలు వేరేటోళ్లకిస్త వదినా. ఈ పని సోడ్, ఇడిసిపెట్టు!" సావుకారు ఆమె చెవి దగ్గర అరిచాడు.

"చెవులే పోయినయి, పళ్లున్నయి గద!"

ఆమె కట్టెను కాగు అడుగుకు ఆనించి, పై కొస పళ్లతో పట్టుకుని కళ్లు మూసుకుంది. అడుగున పుట్టిన బుడగలు పైనున్న చల్లటి నీళ్లలో చితుకుతూ పాడతాయి. నీళ్లన్నీ సమంగా వేడెక్కితే ఆ పాట తగ్గిపోతుంది. అది ఎముకల్లోంచి వింటూ ఆమె నిద్రలో నవ్వుతున్నట్టు ఉంది.

"నీళ్లు ఊకున్నయి. ముంచాలె."

"ఆగు పెద్దమ్మా, నూరు డిగ్రీలు కాలే!" చెవిలో అరిచి, చేత్తో ఆపాను. చాలాసేపు చూశాం. పాదరసం కదల్లేదు.

"నీ నూరు బళ్లె ఉంటదేమో బిడ్డా, షోలాపూర్‌ల లేదు," అంటూ ముంచేసింది.

సాయంత్రం సావుకారు ఆరు చిలపలూ విప్పి చూశాడు. ఒక్క చార లేదు. రేపు ఇంకో ఇరవై పంపుతానన్నాడు.

మాలాగా సముద్రమట్టానికి ఎత్తులో ఉన్న ఊళ్లో నీళ్లు నూరుకు ముందే మరుగుతాయని నాకు తర్వాత తట్టింది. ఆ రోజు రాసుకున్న అంకె తొంభై ఎనిమిదిన్నర.