బంతి చూడని సేత్

హెదర్‌క్లఫ్ ఊరి జట్టు ఆడే రగ్బీ లీగ్ మ్యాచ్ ఒక్కటి కూడా సేత్ ఓల్డ్‌రాయిడ్ వదిలేవాడు కాదు. ఒక్క మ్యాచ్‌లోనూ బంతి వంక చూసేవాడు కాదు. అదీ ఆయన జబ్బు.

యార్క్‌షైర్ వానలో నానుతూ జనమంతా ఒకవైపు తిరిగి అరుస్తుంటే, ఆయన టోపీ ఒక్కటే రెండోవైపు తిరిగి ఉండేది. పక్కింటి గార్త్ లమ్‌కి చిన్నప్పుడు ఇదో పెద్ద వినోదం.

"గెలిచాం బాబాయ్!" అని ఎగిరేవాడు గార్త్.

"ఆహా? ఎవరు గెలిపించారు?"

"ఎర్నీ! బంతి పట్టుకెళ్లి గీత అవతల పెట్టేశాడుగా!"

"పెడితే పెట్టాడులే. వాడి వెనకాల ఆ బక్కోణ్ణి చూశావా? బంతి తనదాకా రాదని తెలిసి కూడా రొప్పుకుంటూ పరిగెత్తాడు. వాడ్రా ఆటగాడు!"

పబ్‌లో అందరూ తమ మహావీరుల పేర్లు చెప్పుకుంటుంటే, ఈయన ఎవరూ వినని పేరొకటి చెప్పేవాడు. "వాడెవడు?" అని అందరూ నోరు తెరిస్తే, "మీకు తెలీదుగా? అంత గొప్పవాడు!" అని గ్లాసు ఎత్తేవాడు.

"మా పెళ్లిలోనూ అంతే," అనేది ఆయన భార్య హిల్డా. "చర్చిలో అందరూ నన్ను చూస్తుంటే, ఈయన గంట కొట్టేవాడి కష్టం చూస్తూ నిలబడ్డాడు."

గార్త్ పెద్దవాడై ఊరి జట్టులో చేరాడు. ఆ ఏడే బొగ్గుగని మూతపడింది. పొద్దున్నే సైరన్ లేదు, మగవాళ్లకి వెళ్లడానికో చోటు లేదు. ఊరికి మిగిలింది జట్టొక్కటే. అదీ చివరి మ్యాచ్ గెలిస్తేనే పై డివిజన్‌లో నిలుస్తుంది.

ఆఖరి నిమిషం. గీత రెండడుగుల దూరంలో ఉంది. బంతి గార్త్ చేతుల్లోకి వచ్చింది. జారిపోయింది. దాంతోపాటే మ్యాచ్ కూడా.

ఊరు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మాంసం కొట్టువాడు సాసేజీలు కాగితంలో చుట్టి, మొహం చూడకుండా చేతికిచ్చాడు. మర్నాడు తలుపు మీద ఎవరో సుద్దముక్కతో రాశారు: "చేతులు అద్దెకు కావలెను." గార్త్ దాన్ని తుడవలేదు. బూట్లు బొగ్గుల కొట్లో పారేసి, తెరలు దించుకుని ఇంట్లో కూర్చున్నాడు.

వారం తర్వాత సేత్ వచ్చాడు. హిల్డా మాంసం కూరి కాల్చిన వేడి మీట్‌పై బల్ల మీద పెట్టాడు.

"ప్రాక్టీసుకి రావట్లేదటగా?"

"ఇక ఆడను బాబాయ్. ఊరంతా చూసింది."

"ఏం చూసింది?"

"బంతి జారవిడవడం!"

"జారిందా?" సేత్ తల గోక్కున్నాడు. "నేను చూడలేదే! ఆ తర్వాతది చూశాను. అవతలి జట్టువాడొకడు బంతి తీసుకుని పారిపోతుంటే, నువ్వు మైదానం ఈ కొసనుంచి ఆ కొసదాకా తరిమి వాణ్ణి పడగొట్టావు. మూతి పగలగొట్టుకున్నావు. అప్పటికే ఓడిపోయాంగా, ఎందుకురా అంత పరుగు?"

గార్త్ పగిలిన మూతి తడుముకున్నాడు. "ఏమో. పడగొట్టకుండా ఎలా ఉంటాను?"

"అదీ సంగతి! ఆ మాట చెప్పడానికి మిగతావాళ్లకి జీవితమంతా పడుతుంది. మీట్‌పై తిను, చల్లారిపోతోంది."

"నిజంగా నువ్వు చూడలేదా?"

"ఒట్టు! మన జట్టులో బిల్ బూటు తాడు కట్టుకుంటుంటే వాణ్ణి చూస్తున్నాను."

గార్త్ మీట్‌పై అంతా తిన్నాడు. బూట్లు వెతుక్కున్నాడు.

మళ్లీ ప్రాక్టీసుకి వెళ్లిన రోజు కూడా వానే. చూడటానికి వచ్చినవాడు సేత్ ఒక్కడే, కంచె పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో బంతి విసిరారు. గార్త్ చేతులు చాచాడు.

"మోచెయ్యి లోపలికి పెట్టరా!" కంచె దగ్గర్నుంచి కేక. "ఆ రోజూ ఎడమ మోచెయ్యి ఇలాగే బయటికి పోయింది, అందుకే జారింది!"

బంతి గుండెకి హత్తుకుని గార్త్ వెనక్కి తిరిగాడు. సేత్ గభాలున టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు.

"బాబాయ్! చూడలేదని ఒట్టు పెట్టావుగా?"

"నేనెక్కడ చూశాను? మా హిల్డా చెప్పింది."

హిల్డా జన్మలో ఆ మైదానం మొహం చూడలేదు. గార్త్ ఆ మాట అనలేదు. "పిన్నికి నా థాంక్స్ చెప్పు బాబాయ్!" అని అరిచి, నవ్వుకుంటూ బురదలోకి పరిగెత్తాడు.