డి లో దాచిన అంచులు

ఆ రోజుల్లో బెజవాడలో కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ ఒకటే ఉపదేశం: సి డ్రైవ్‌లో ఏమీ పెట్టకండి, ఫార్మాట్ కొడితే పోతుంది, డి లో పెట్టుకోండి. వన్‌టౌన్‌లో నేను మూడు నెలలు నేర్చుకున్న చోట మాస్టారు ఈ మాట రోజుకోసారి చెప్పేవారు. "సి అంటే వసారా అమ్మా, వచ్చేవాళ్ళు వస్తారు, పోయేవాళ్ళు పోతారు. డి అంటే బీరువా. విలువైనవి ఎక్కడ పెడతాం?" నలభై దాటాక నేర్చుకున్న చదువు కాబట్టి గట్టిగా పట్టుకున్నాను. మిగతావన్నీ మర్చిపోయినా ఆ ఒక్క ముక్క మర్చిపోలేదు. అదీ మర్చిపోయుంటే బాగుండేది.

రెండువేల ఏడో ఎనిమిదో, ఆ ప్రాంతంలో లాప్‌టాప్ కొన్నాం. అందులో సి ఉంది, డి ఉంది. డి పక్కన ఇంగ్లీషులో రికవరీ అని రాసి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. బీరువా అంటే ఇదీ, పోయినవి కూడా తెచ్చిపెట్టే బీరువా అనుకున్నాను. అది కంపెనీవాళ్ళు తమ సామాను కోసం కట్టుకున్న గది అనీ, విండోస్ పాడైతే మళ్ళీ మొదటిరోజులా చెయ్యడానికి కావలసినవే అందులో ఉంటాయనీ, మనం వేలు పెట్టకూడదనీ నాకేం తెలుసు? తెరవగానే హెచ్చరిక కనిపించేది, నిజమే. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. చదవడం రాక కాదు. స్కూల్లో గుమస్తాని నేను, ఇంగ్లీషు సర్క్యులర్లు రోజూ చూస్తాను. సర్క్యులర్లని చూసినట్టే దాన్నీ చూసి పక్కన పెట్టాను.

ఆ బీరువాలో నేను పెట్టినవి మావారు గీసిన చీరల అంచులు.

మావారిది పామర్రు అవతల నేతగాళ్ళ ఊరు. మగ్గం మీద కూర్చున్నది చిన్నప్పుడే, తర్వాతంతా అంచులు గీయడమే ఆయన పని. గ్రాఫు కాగితం మీద ఒక్కో గడీ ఒక్కో పోగు. ఎర్ర పెన్సిల్‌తో గడులు నింపుకుంటూ పోతే నెమలో, చిలకో తేలుతుంది. ఆ గ్రాఫు చూసి అట్టలకి చిల్లులు కొడతారు. అట్టలు మగ్గం పైన తిరుగుతూ ఎప్పుడు ఏ పోగు లేవాలో చెబుతాయి. గ్రాఫులో ఒక్క గడి తప్పితే చీర పొడుగునా జానెడుకోసారి అదే తప్పు. అందుకని ఆయన గీస్తుంటే కాఫీ గ్లాసు పక్కన పెట్టడానికి కూడా భయపడేదాన్ని. పలకరిస్తే లెక్క పోతుందని తలెత్తకుండా అరచెయ్యి చూపించేవారు, ఉండు అని. భవానీపురంలో ఆ రెండు గదుల అద్దె ఇంట్లో నేను ఆయనతో కంటే ఆయన అరచేతితోనే ఎక్కువ కాపురం చేశాను.

తర్వాత షుగరు ఆయన కళ్ళ మీద పడింది. లేజర్ పెట్టించాం, ఇంజెక్షన్లు వేయించాం. ముందు గడులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయన్నారు. కొన్నాళ్ళకి కాగితమే తెల్లగా ఉందన్నారు. ఆ తర్వాత మనుషుల్ని ఆకారం బట్టి పోల్చుకుని, గొంతు బట్టి ఖాయం చేసుకునే స్థితికి వచ్చారు. గీత అయిపోయింది. పాతికేళ్ళ గ్రాఫులు మాత్రం మంచం కింద రెండు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి, మూడువందల పైచిలుకు.

వాటిని కంప్యూటర్‌కి ఎక్కించాలన్న బుద్ధి నాదే. స్కానరు తెచ్చుకుని దసరా సెలవులూ ఆదివారాలూ దాని ముందే కూర్చున్నాను. ఆయన పక్కన కుర్చీలో కూర్చునేవారు. "పక్షి ఉందండీ, ముక్కున గొలుసు వేలాడుతోంది" అంటే, "తోక ఎటు తిరిగింది?" అని అడిగి, "అయితే అన్నపక్షి, చిన్నది" అనేవారు. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. నా కాపురంలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడింది ఆ రెండు నెలలే. అంతా అయ్యాక సి లో ఉన్నవాటిని కట్ చేసి డి లో పేస్ట్ చేశాను. తెరిచి చూస్తే తెర నిండా బొమ్మలు. అమ్మయ్య అనుకున్నాను.

ఇక ట్రంకుపెట్టెలు. కాగితాలకి పురుగు పట్టింది, వానాకాలంలో గది అంతా ముక్కిన వాసన. తీసేద్దామన్నాను.

"ఉండనీవే" అన్నారాయన.

"ఎందుకండీ, పురుగుల్ని మేపడానికా? అన్నీ డి లో ఉన్నాయిగా."

పాతపేపర్లాయన వచ్చి రెండు పెట్టెలూ ఖాళీ చేసి గోనెసంచిలో కుక్కుకుని పోయాడు. మంచం కింద తడిగుడ్డ పెట్టి తుడుచుకుని, ఇల్లు ఇప్పటికి ఇల్లులా ఉంది అనుకున్నాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మరుసటి వేసవికి లాప్‌టాప్ నత్తనడక పట్టింది. వైరస్ అన్నాడు బందరు రోడ్డులో రిపేరు షాపాయన. నా ఈడువాడే, నెమ్మదస్తుడు. "ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేసేస్తానండి. సి లో ఏమన్నా ఉన్నయ్యా మేడమ్?" అని అడిగాడు.

"సి లో ఏమీ లేదు. ఉన్నవన్నీ డి లో పెట్టాను" అన్నాను, ఫస్టు ర్యాంకు వచ్చినదానిలా.

"అయితే డి జోలికెళ్ళనండి" అన్నాడు. సాయంత్రానికి ఇచ్చేశాడు. లాప్‌టాప్ పరుగులు పెట్టింది. నేను స్కూలు పనికే వాడుకుంటున్నాను కాబట్టి ఇంకేమీ చూసుకోలేదు.

రెండు నెలల తర్వాత ఊరి నుంచి నేతగాళ్ళ సొసైటీ ఆయన వచ్చాడు. మావారికి వరసకి తమ్ముడు. మంచినీళ్ళు తాగి, "అన్నయ్యగారూ, మామిడిపిందెల అంచు అట్టలు ఎలకలు కొట్టేసినయ్యండి. గ్రాఫు ఇప్పిస్తే మళ్ళీ చిల్లులు కొట్టించుకుంటాం. ఆ మగ్గాలు నాలుగూ ఆగిపోయినయ్యి" అన్నాడు. ఆ అంచు మావారు ఎవరి నమూనా చూడకుండా సొంతంగా గీసిన మొదటిది. ఊళ్ళో దాన్ని మామిడిపిందెలు అని కూడా అనరు, బెజవాడాయన అంచు అంటారు. ఆయన గీసినవాటిలో ఇంకా మగ్గం మీద ఉన్నది అదొక్కటే. మిగతావి ఫ్యాషన్లు మారి ఎప్పుడో దిగిపోయాయి.

మావారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. చాలాకాలానికి ఆయన మొహంలో కళ వచ్చింది. "వాడికి అది తీసివ్వవే" అన్నారు.

తీశాను. సి ఉంది. డి లేదు.

మళ్ళీ మూసి తెరిచాను. లేదు. నాలుగు రోజుల్లో పంపిస్తామని చెప్పి మరిదిని బస్సెక్కించి, నేను షాపుకి పరిగెత్తాను. ఆ షాపాయన చూసి, "డి ఎక్కడికీ పోలేదండి, లోపలే ఉంది, కనపడట్లేదంతే. అది కంపెనీవాళ్ళ రికవరీ పార్టిషనండి. కొత్త విండోస్ వేసేటప్పుడు మా సి.డి. దాన్ని దాచేసినట్టుంది" అన్నాడు. దాచినది తియ్యమన్నాను. రెండు రోజులు పెట్టుకుని రాలేదన్నాడు. మామూలుగా అయితే స్విచ్ వెయ్యగానే ఎఫ్ పదకొండు మీట నొక్కితే ఆ గది తలుపు తెరుచుకునేదట, కొత్త విండోస్‌తో ఆ దారి కూడా మూసుకుపోయిందట. "అయినా అందులో ఎవరన్నా సొంతవి పెట్టుకుంటారా మేడమ్?" అన్నాడు పాపం.

అంతే, నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. ముట్టుకోనని ముట్టుకున్నావన్నాను, పని రానివాడివన్నాను, ఒక మనిషి బతుకంతా తుడిచేశావన్నాను. షాపులో ఉన్నవాళ్ళందరూ విన్నారు. వారం తర్వాత నేనే వెళ్ళి బతిమాలుకున్నాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆయన ఇంకో రెండు రోజులు కష్టపడి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ తిట్టాను. ఆరు నెలలు ఇదే వరస.

ఇంట్లో మాత్రం ఎఫ్ పదకొండు నొక్కడం మానలేదు. స్కూలు నుంచి రాగానే స్విచ్ వేసి, టకటకా నొక్కేదాన్ని. శవాన్ని దారిలో దింపి చెవిలో పేరు పెట్టి పిలుస్తారే, దింపుడు కళ్ళం ఆశ, సరిగ్గా అదే. మావారు కుర్చీలో కూర్చుని ఆ చప్పుడు వినేవారు. వచ్చిందా అని మొదట్లో అడిగేవారు. తర్వాత అడగడం మానేశారు. ఊరి నుంచి ఫోను వస్తే, "ఇదిగో, వస్తుందిరా" అని పెట్టేసేవారు.

చివరికి మా స్కూల్లో లెక్కల టీచరు తన తోడికోడలి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు. సి.డి. పెట్టి, విండోస్ లేకుండానే లాప్‌టాప్‌ని లేపింది. తెర మీద నల్లటి పట్టికలో రెండు వరసలు చూపించింది. "ఇదిగోనండీ మీ డి. ప్రతి పార్టిషన్‌కీ ఒక నంబరు ఉంటుంది. ఈ నంబరు ఉంటే విండోస్ దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. మామూలు నంబరు ఇస్తే కనపడుతుంది." ఇంత చిన్న సంగతా! ఉన్న నంబరుని ముందు కాగితం మీద రాసుకుని, అప్పుడు మార్చింది. ఆ జాగ్రత్త చూస్తే మావారు గుర్తొచ్చారు. ఆపి, మళ్ళీ వేసింది.

డి వచ్చింది.

నేను ఆ ల్యాబ్‌లో అందరి ముందూ భోరున ఏడ్చాను. ఆవిడ నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, "మీరే తెరవండి" అంది. అంచులు అని పేరు పెట్టిన ఫోల్డరు అలాగే ఉంది. మొదటి బొమ్మ అద్దాల అంచు. తర్వాత ఆకులు, అలలు. తర్వాత అన్నపక్షి చిన్నది, అన్నపక్షి పెద్దది. కిందకి జరిపాను. జరగలేదు. పద్నాలుగు.

"మిగతావి ఇంకా వస్తాయాండీ?" అని అడిగాను.

ఆవిడ ఏదో నొక్కి చూసి, "డి లో ఖాళీ జాగా సున్నా అండీ" అంది. "కంపెనీ సామానుతోనే గది నిండిపోయింది. మీకు మిగిలిన కాస్త జాగాలో పద్నాలుగే పట్టినయ్యి. కాపీ మధ్యలో ఆగిపోయి ఉండాలి. అప్పుడు తెర మీద ఏమీ రాలేదా?"

వచ్చింది. ఆ చిన్న డబ్బా నా కళ్ళ ముందు ఇప్పుడు మళ్ళీ కనిపించింది. ఏదో ఇంగ్లీషు, కింద ఒక మీట. కంప్యూటర్ రోజుకి పది అడుగుతుంది, అన్నిటికీ నొక్కినట్టే దానికీ నొక్కాను. పట్టని మూడువందలూ సి లోనే ఉండిపోయాయి. సి లో ఏమీ లేదని షాపాయనకి చెప్పింది నేను. నా మాట నమ్మి తుడిచాడు ఆయన. ల్యాబ్ ఆవిడ సి ని కూడా ఒక పూటంతా గాలించింది. దాని మీద కొత్త విండోస్ పడింది, ఎనిమిది నెలలుగా నా స్కూలు పని పడింది. ఒక్కటి దొరకలేదు. ఆ తర్వాత నేను బందరు రోడ్డులో ఆ షాపు మీదుగా వెళ్ళడం మానేశాను. వెళ్ళి క్షమించమని అడగాల్సింది, అడగలేదు.

ఇంటికొచ్చేసరికి మావారు చెప్పుల చప్పుడుకే, "తెరుచుకుందా?" అన్నారు.

"తెరుచుకుందండీ."

"మామిడిపిందెలు?"

"లేవు." మొత్తం చెప్పేశాను, డబ్బా సంగతీ, మీట సంగతీ, ఏదీ దాచకుండా. ఆయన వింటూ కూర్చున్నారు.

"ఉన్నవి చదువు" అన్నారు. చదివాను. అద్దాలు, ఆకులు, అలలు, అన్నపక్షి, అరటిపువ్వు. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు. పూర్తయ్యాక, "అన్నీ అకారాలేగా" అన్నారు. అప్పటిదాకా నేను గమనించలేదు. కంప్యూటర్ ఇంగ్లీషు అక్షరాల వరస ప్రకారం ఎక్కించుకుంటూ పోయి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. "పాతికేళ్ళు గీసి 'అ' దగ్గరే ఆగానన్నమాట" అన్నారు. నవ్వబోయారు గాని నవ్వు రాలేదు.

తిడతారేమోనని అక్కడే నిలబడ్డాను. నిజానికి తిట్టించుకోవాలనే నిలబడ్డాను. ఆయన మంచినీళ్ళు అడిగారు.

మర్నాడు సొసైటీ నుంచి ఫోను. నేను తీయబోతుంటే ఆయన చెయ్యి చాపి రిసీవరు తీసుకున్నారు. "లేదురా. ఆ మగ్గాలకి వేరే అంచు ఎక్కించుకోండి" అన్నారు. అవతల ఆయన ఏదో గట్టిగా అడుగుతున్నాడు, నాకు వినపడుతూనే ఉంది, వదినగారు భద్రంగా పెట్టారన్నారుగా అని.

"మీ వదిన భద్రంగానే పెట్టిందిరా. నేనే, కళ్ళు కనపడక ఏదో నొక్కేశాను. అన్నీ పోయినయ్యి" అన్నారు మావారు.

ఆయన ఆ లాప్‌టాప్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.